నీలం కొట్టేసి నలుపు

శనివారం ఉదయం పదింపావు. సాయంత్రం నాలుగు లోపు ఇస్రాయేలును నల్గొండలో మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అతన్ని నిన్న నాలుగింటికి అరెస్టు చేసింది నేను కాదు, జిల్లా నుంచి వచ్చిన స్పెషల్ టీమ్ ఇన్‌స్పెక్టర్ విజేందర్. కానీ ఎఫ్.ఐ.ఆర్. రాసింది నేను. పేరు గ్లోరీ, సబ్ ఇన్‌స్పెక్టర్. తప్పు మనిషి జైలుకు పోతే ఆ తప్పులో నా చేతిరాత కూడా ఉంటుంది.

జరిగింది ఇదీ. బుధవారం, పదో తేదీ పొద్దున ఆరున్నరకు, నార్కట్‌పల్లి నుంచి తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని ఒక బత్తాయి తోటలో బుచ్చయ్య అనే అరవై ఏళ్ల పాలేరు తూటా తగిలి పడిపోయాడు. వెనక, నూట ఇరవై మీటర్ల దూరంలోని కంది చేను గట్టు నుంచి, వీపు నడుమ, ఒకే దెబ్బ. అప్పుడు ఆయన పక్కన తోట యజమాని లీలమ్మ నడుస్తోంది. ఆమెకు గీత కూడా పడలేదు. తూటా వచ్చింది లీలమ్మ సొంత రైఫిల్ నుంచే. చనిపోయిన ఆమె భర్త అడవి పందుల కోసం లైసెన్సు మీద కొన్న పాత రైఫిల్ అది, నడుమ మడిస్తే గొట్టం ఒకవైపు, కట్టె ఒకవైపు విడిపోయే రకం. లైసెన్సు ఇప్పుడు లీలమ్మ పేరు మీద ఉంది.

చిక్కేమిటంటే, ఆ పొద్దున గొట్టం ఆమె ఇంట్లో లేదు. తుప్పు గీకించి కొత్త రంగు వేయించడానికి ఇస్రాయేలు షాపుకు పోయింది. ఇస్రాయేలు చేసేది మోటారు సైకిళ్ల సైలెన్సర్లకు వేడికి ఆగే రంగు వేసే పని. శుక్రవారం అతని షాపు వెనక కొట్టంలో, సైలెన్సర్ల వరుసలో వేలాడుతూ ఆ గొట్టం దొరికింది. లోపల కాలిన మందు వాసన ఉంది. పైగా పోయిన నెల శ్మశానం దారి గురించి ఇస్రాయేలు, బుచ్చయ్య అందరి ముందు కొట్లాడుకున్నారు. విజేందర్‌కు అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది.

నేను లాకప్ గదిలోకి పోయేసరికి ఇస్రాయేలు గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి. గోళ్ల సందుల్లో నల్ల రంగు.

"ఎస్తేరు పోయిందా మేడం?" అన్నాడు ముందుగా.

ఎస్తేరు అతని భార్య. నిన్న సాయంత్రం నుంచి స్టేషన్ గేటు బయట, బీపీ గోలీలు కొంగున కట్టుకొని నిలబడి ఉంది.

"పోలే. కూసొమ్మంటే కూసుంటలేదు."

"గట్లనే జేస్తది. నేను షాపుల ఎంత సేపయినా గేటు కాడ నిలబడే సూస్తది." తల దించుకున్నాడు. "ముప్పయ్యేండ్లాయె. ఒక్కసారన్న కూసొని ఎదురు సూడొచ్చు గదా అంటే ఇనది."

నేను షాపు పుస్తకం ముందు పెట్టాను. ఏడో తేదీ పేజీ. అందులో అతని గుండ్రటి రాత: లీలమ్మ పటేలమ్మ, గొట్టం ఒకటి, నీలం. ఆ 'నీలం' మీద అడ్డంగా ఒక గీత. కింద, 'నలుపు, మంట రకం'. దాని పక్కన ఒక ఫోన్ నంబరు.

"గిదేంది?"

"ఇన్‌స్పెక్టర్ సారుకు చెప్పిన. ఆయన ఇన్లే."

"నాకు చెప్పు. మొదట్నుంచి."

"పటేలమ్మ ఏడో తారీకు తనే వచ్చింది. గొట్టం గోనెసంచిల సుట్టి తెచ్చింది, సంటిపిల్లను పట్టుకొచ్చినట్టు. నా దగ్గర రంగుల పలక ఉంటది మేడం, చెక్క మీద నాలుగు రేకు ముక్కలు కొట్టి. వెండి, నలుపు, ఎరుపు, నీలం. ఏదన్న ముట్టి చెప్పాలె, గప్పుడే రాస్త. పటేలమ్మ నీలం రేకు ముట్టింది. ముట్టి చెయ్యి తియ్యలే. గట్లనే సూస్కుంట నిలబడ్డది."

"నువ్వేమన్నవు?"

"ఉన్నదున్నట్టు చెప్పిన. అమ్మా, నీలం సైకిళ్లకు, గేట్లకు ఏసే రంగు. వేడికి ఆగది. తుపాకి పేలితే మూతికాడ పొంగుతది, పెచ్చులూడుతది. మంటకు ఆగేది నల్లది, అది ఏపిచ్చుకో అన్న. గామె నవ్వింది. 'ఇస్రాయేలూ, అది ఇంక పేలదు బిడ్డా. గోడకు పెట్టుకుంట. మా ఆయన తెచ్చిననాడు నీలంగ మెరిసేది. గది మళ్ల ఒక్కసారి సూడాలె' అన్నది. సరే అని నీలమే రాసిన."

"మరి కొట్టేసిందెవరు?"

"తెల్లారి, ఎనిమిదో తారీకు పదకొండింటికి ఫోనొచ్చింది. మగ గొంతు. పటేలమ్మ మనసు మార్చుకున్నది, మంటకు ఆగేదే ఎయ్యమన్నదని చెప్పిండు. రంగు మారిస్తే నేను నంబరు రాసుకుంట. రేపు కాదంటే సూపెట్టాలె గదా. గదే నంబరు."

ఆ నంబరు నాకు తెలుసు. లీలమ్మ సెల్ నంబరు. అంటే ఆ ఫోన్ ఆమె ఇంట్లోంచి వచ్చింది, గొంతు మాత్రం ఆమెది కాదు.

మా బాపు బత్తాయి గంపలు మోసిన మనిషి. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు, అదీ లెక్కల సబ్జెక్టుతో. ఏ లెక్కయినా ముందు ఇచ్చిన సంగతులు రాసుకోవడం నాకు అలవాటు. యజమాని రైఫిల్ కాల్చనన్నది, కాబట్టి ఆమెకు వేడికి ఆగే రంగుతో పనిలేదు. ఎవరో మాత్రం వేడికి ఆగే రంగే కావాలన్నారు. పేలని గొట్టానికి ఆ రంగు ఎవరు అడుగుతారు? పేల్చబోయేవాడు. పేల్చాక మూతి దగ్గర గుర్తు మిగలకూడదనుకునేవాడు.

"తొమ్మిదో తారీకు రంగు వేసినవు. ఎప్పుడు?"

"సాయంత్రం నాలుగింటికి రంగు కాలనీకి భట్టీల పెట్టిన. ఆరింటికి తీసిన."

"తీసినంక?"

"ఎనక కొట్టంల ఏలాడదీసిన. భట్టీల కెల్లి తీసిన మాలు ఒక్క దినం గాలికి ఉండాలె."

"దానికి తాళం?"

అతను నా వంక ఆశ్చర్యంగా చూశాడు. "తాళమేంది మేడం? మెకానిక్కులు పొద్దున్నే వచ్చి ఎవని సైలెన్సర్ వాడు తీస్కపోతరు. ఇరవయ్యేండ్ల నుంచి గంతే. ఒక్కటి పోలే."

"అది తుపాకి గొట్టం ఇస్రాయేలూ."

"నాకు గొట్టమంటే గొట్టమే మేడం." అని, తను అన్నది తనకే వినిపించినట్టు ఆగిపోయాడు. "తప్పే జేసిన."

అయితే అతను ఇంకేదో దాస్తున్నాడు. 'భట్టీ' అన్నప్పుడల్లా బొటనవేలితో చూపుడువేలి గోరు గీకుతున్నాడు. పారదర్శకమైన కవర్లో సీల్ వేసి ఉన్న గొట్టాన్ని తెచ్చి అతని ముందు బల్ల మీద పెట్టాను. అతను దాని మూతి వైపు చూసి వెంటనే చూపు మరల్చుకున్నాడు.

"భట్టీల ఏమైంది?"

"ఏం గాలే."

"గేటు కాడ ఎస్తేరక్క ఇంక ఐదు గంటలే నిలబడతది. నాలుగు దాటితే నిన్ను తీస్కపోతరు. చెప్పకుంటే నేను చెయ్యగలిగింది లేదు."

అతను గోరు గీకడం ఆపాడు. "నీలమైతే నూట ఎనభై డిగ్రీలల పండుతది మేడం. మంట రకం గట్ల కాదు, రెండొందల యాభై దాక పోవాలె. నేను సైలెన్సర్ లెక్కనే పెట్టిన. తీసి సూస్తే... ముందల గురి సూసే బుడిపె ఉంటది గదా, అది జారి ఉన్నది. దాన్ని టంకంతోటి అతికిచ్చిన్రు. టంకం రెండొందలకు కరుగుతదని నాకు తెల్వదా? తెలుసు. గొట్టానికి టంకం ఉంటదని తెల్వలే. సైలెన్సర్‌కు వెల్డింగే ఉంటది."

"తర్వాత?"

"మెటల్ పేస్టు పెట్టి అంటిచ్చిన. పైన మళ్ల నల్ల రంగు కొట్టిన. సరిగ్గ నడుమల పెట్టిన్నో లేదో... కండ్లద్దాలు ఇంటికాడ ఉన్నయి. పటేలమ్మకు మొఖం ఎట్ల సూపియ్యాలె? ఆయన గుర్తు అని తెచ్చింది. నేను ఖరాబు జేసిన."

హత్యానేరం మీద పడిన మనిషి నాలుగు రోజులుగా దాచింది ఆ చెడిపోయిన పనిని. నాకు కోపం రాలేదు. మా బాపు కూడా ఒకసారి గంప జారి కాయలు పగిలితే, ఆ సంగతి దాచడానికి రెండు రోజులు అన్నం మానేశాడు.

కవర్ పైనుంచే స్కేలు పెట్టి కొలిచాను. గురి చూసే వెనక గాడి నుంచి ముందు బుడిపెకు యాభై సెంటీమీటర్లు. బుడిపె ఉండాల్సిన నడిగీత నుంచి ఎడమకు రెండున్నర మిల్లీమీటర్లు జరిగి ఉంది.

తలుపు నెట్టుకొని విజేందర్ లోపలికి వచ్చాడు. చేతిలో రిమాండ్ కాగితాలు.

"ఏం కొలుస్తున్నవ్ గ్లోరీ? బట్టలు కుట్టిస్తవా దానికి?"

"సర్, జర చూడుండ్రి. ముందు గురి జరిగి ఉన్నది."

"ఉంటే?"

"ఈ రైఫిల్‌తోటి గురి చూసినోని తూటా అనుకున్నకాడికి పోదు. కుడికి పోతది."

"మరి బుచ్చయ్య వీపు నడుమ ఎట్ల తాకింది? గాలికొచ్చి తాకిందా?" ఇస్రాయేలు వైపు వేలు చూపించాడు. "కొట్లాట ఉన్నది. గొట్టం వీని దగ్గర దొరికింది. నీ బీఎస్సీ లెక్కలు కోర్టుల నడువయి."

"ఇస్రాయేలు జిందగీల తుపాకి పేల్చలే సర్. నూట ఇరవై మీటర్ల నుంచి మొదటి దెబ్బకే వీపు నడుమ కొడతడా? కట్టె భాగం, తూటాలు లీలమ్మ ఇంట్ల బీరువాల ఉన్నయి. వీనికి ఎట్ల దొరికినయ్?"

"గది వీడే చెప్తడు, కస్టడీల." వాచీ చూసుకున్నాడు. "రెండున్నరకు బండి ఎక్కిస్త. అప్పటిదాక నీ స్కేలు నువ్వు పట్టుకో."

పదకొండుంపావుకు నేను, కానిస్టేబుల్ శ్రీకాంత్ జీపులో బయలుదేరాం. పదకొండు నలభైకి తోటలో ఉన్నాం.

బుచ్చయ్య పడిన చోట నేను బుధవారం వేసిన సున్నపు గీత ఇంకా ఉంది. దాని పక్కన ఆయన భార్య సుక్కమ్మ కూర్చొని ఉంది. నేల మీద రాలిన కాయలు ఏరడం లేదు, ఊరికే చూస్తోంది.

"అవ్వా, ఒక్క మాట అడగాలె. ఆ పొద్దు వీళ్లిద్దరు ఎట్ల నడుస్తున్నరు?"

"రోజెట్ల నడుస్తరో గట్లనే. పటేలమ్మకు కుడిపక్కన మా ముసలోడు."

"రోజూ కుడిపక్కనేనా?"

"ఆయనకు కుడిచెవు ఇనపడది బిడ్డా. పటేలమ్మ ముచ్చట ఎడమచెవుకు పడాలంటే కుడిపక్కనే ఉండాలె. ఏం ముచ్చట్లంటవ్? సచ్చిపోయిన పటేలు ముచ్చట్లే. ఆయన గట్లనేది, గిట్ల తినేది. రోజూ అవే. మా ముసలోడు ఇసుక్కునేది కాదు, కొత్తగ ఇన్నట్టు ఇనేది." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇంటికొచ్చి నాతోటి ఒక్క మాట మాట్లాడేది కాదు. నాకూ ఉంటయి గదా బిడ్డా, ముచ్చట్లు."

నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను.

తూటా వచ్చిన కంది చేను గట్టు మీద నిలబడ్డాను. శ్రీకాంత్‌ను బుచ్చయ్య స్థానంలో, సుక్కమ్మను లీలమ్మ స్థానంలో, నాకు వీపు చూపించి నిలబడమన్నాను. నాకు కుడివైపు శ్రీకాంత్, ఎడమవైపు సుక్కమ్మ. ఇద్దరి నడుమ దూరం టేపుతో కొలిస్తే అరవై రెండు సెంటీమీటర్లు.

నోట్‌బుక్ మోకాలి మీద పెట్టుకొని రాశాను. యాభై సెంటీమీటర్లకు రెండున్నర మిల్లీమీటర్లు తప్పితే, మీటరుకు ఐదు. నూట ఇరవై మీటర్లకు ఆరు వందల మిల్లీమీటర్లు, అంటే అరవై సెంటీమీటర్లు. బుడిపె ఎడమకు జరిగితే తూటా కుడికి పోతుంది.

కాల్చినవాడు ఎడమవైపు మనిషి వీపు మీద గురి పెట్టాడు. తూటా కుడివైపు మనిషికి తగిలింది.

చంపాలనుకున్నది లీలమ్మను. ఆమెను బతికించింది నలుపు. నీలమే ఉండనిస్తే భట్టీ నూట ఎనభై దాటేది కాదు, టంకం కరిగేది కాదు, ఆమె ఈపాటికి మట్టిలో ఉండేది. తాళం లేని కొట్టంలోంచి రాత్రి గొట్టం తీసుకుపోయి, పొద్దున పేల్చి, మళ్లీ అక్కడే వేలాడదీసిన హంతకుడు గుర్తు మిగలకూడదని ఎంచుకున్న రంగే వాడి గురి తప్పించింది. ఆ రెండున్నర మిల్లీమీటర్లకు బుచ్చయ్య ప్రాణం పోయింది.

లీలమ్మ ఇంట్లో ఆమె కాక ఉండేది ఒక్కడే. ఆమె మరిది కొడుకు మల్లేష్, ముప్పై రెండేళ్లు. తోట పనులు చూసేది అతనే. పెద్దనాన్న వెంట పందుల వేటకు తిరిగి గురి నేర్చుకున్నవాడు. బుధవారం పొద్దున ఎక్కడున్నావని అడిగితే, 'రైఫిల్ షాపుల ఉన్నది గదా మేడం' అన్నాడు. నేను రైఫిల్ గురించి అడగలేదు, అతని గురించి అడిగాను. ఆ తేడా ఆ రోజే పట్టుకోవాల్సింది.

ఒంటిగంటా ఇరవైకి లీలమ్మ వాకిట్లో ఆగాం. అరవై ఐదేళ్ల మనిషి. ఉతికిన గంజి చీర కట్టుకొని, తల దువ్వుకొని, ఎక్కడికో బయలుదేరబోతున్నట్టు ఉంది.

"మల్లేష్ ఏడున్నడమ్మా?"

"హుజూర్‌నగర్ పోయిండు. పొద్దుమీకినంక వస్తడు. కూసో బిడ్డా, తిన్నవా?"

"బీరువా చూపిస్తరా? కట్టె భాగం ఉన్నదా లేదా చూడాలె."

ఆమె నడుముకున్న తాళంచెవి తీసి ఇచ్చింది. కట్టె భాగం బీరువాలో ఉంది. పక్కన తూటాల డబ్బా. లైసెన్సు పుస్తకంలో ఆమె భర్త రాసి పెట్టిన లెక్క పదకొండు. డబ్బాలో పది ఉన్నాయి. నేను ఆ సంఖ్య పైకి చదివాను. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

"అమ్మా, మీరు నీలం అడిగిన్రు. నలుపుకు ఎవరు మార్చిన్రో మీకు తెలుసా?"

"ఆయన కొత్తగ తెచ్చిననాడు," అంది ఆమె, నా ప్రశ్న వినిపించనట్టు, "గొట్టం మీద నా మొఖం కనపడేది బిడ్డా. సన్నగ, పొడుగ్గ. 'సూడు, నీలంల నువ్వు ఎంత మంచిగున్నవో' అనేటోడు. అద్దంల కంటే అండ్లనే ఎక్కువ సూసుకున్న నేను. గది ఒక్కసారి సూడాలనిపిచ్చింది. ముసలిదానికి పిచ్చి."

"ఎనిమిదో తారీకు మీ ఫోన్ ఎవరి చేతుల ఉన్నది?"

ఆమె బీరువా తలుపు మూసింది.

"తొమ్మిదో తారీకు ఈ తాళంచెవి ఎవరికిచ్చిన్రు?"

బయట శ్రీకాంత్ జీపు తలుపు వేసిన చప్పుడు వినిపించింది. నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. కుర్చీలో ఉండి అడగాల్సిన మాట కాదది.

"ఆ తూటా బుచ్చయ్యకు కాదమ్మా. మీకు."

"ఎరుకే," అంది లీలమ్మ.

ఆ ఒక్క మాటకు నా పెన్ను ఆగిపోయింది.

"చప్పుడైనంక ఎనకకు మల్లి సూసిన. కంది చేన్ల కెల్లి ఒకడు పోతాండు. మొఖం కనపడలే. నడక కనపడ్డది." తన రెండు చేతులూ చూసుకుంది. "వానికి నడక నేర్పింది నేనే బిడ్డా. రెండేండ్లప్పుడు వాళ్లమ్మ పోయింది. ఈ యేళ్లు పట్టుకొనే నడిసిండు. వాని నడక నాకు తెల్వదా?"

"ఎందుకు చేసిండమ్మా?"

"తోట ఆడపిల్లల హాస్టలుకు రాస్తనన్న, ఆయన పేరు మీద. ఆనాటి నుంచి నాతోటి మాట బందు. ఐదు నెలలు. ఒకే ఇంట్ల ఉండుకుంట, పళ్లెం తీస్కొని పోయి వాకిట్ల తినేటోడు." ఆమె గొంతు ఇంకా తగ్గింది. "బుధవారం నుంచి నా పక్కన కూసొని తింటాండు. పెద్దమ్మా ఇంకింత పెట్టు అంటాండు. భయపడి తింటాండో, ఏమనుకొని తింటాండో... నాకు గది అక్కర్లే. పిలుస్తాండు. గది సాలు."

"అక్కడ ఇస్రాయేలు జైలుకు పోతాండు."

"ఇస్రాయేలా?" ఆమె ఉలిక్కిపడింది. నిజంగానే తెలియదు. "వాడేం జేసిండు?"

"ఏం చెయ్యలే. మీ గుర్తు ఖరాబు చేసిన అని ఏడుస్తాండు. వాని భార్య నిన్నటి నుంచి గేటు కాడ నిలబడి ఉన్నది. అక్కడ తోటల సుక్కవ్వ కూసొని ఉన్నది. మీ ముచ్చట్లన్ని ఇన్న మనిషి పోయిండమ్మా." చేతిలోని నోట్‌బుక్ కింద పెట్టాను. "మా బాపు గూడ ఇసొంటి తోటలనే పని చేసిండు. నేను ట్రైనింగ్‌ల ఉన్నప్పుడు పోయిండు. నన్ను ఈ డ్రెస్సుల సూడలే. ఆయన ఉంటే నేనేం చెయ్యాలనేటోడో నాకు తెలుసు. బుచ్చయ్య ఉంటే మిమ్మల్ని ఏమడుగుతడో మీకు తెలుసు."

లీలమ్మ గోడ వంక చూసింది. గోడకు ఒక మేకు మాత్రం ఉంది, రైఫిల్ కోసం కొట్టించిన మేకు.

"రాయి బిడ్డా," అంది.

ఫోన్ అతని చేతిలో ఉందనీ, తొమ్మిదో తేదీ రాత్రి తాళంచెవి అడిగితే ఇచ్చిందనీ, పొద్దున ఆ నడక చూసిందనీ చెప్పింది. నేను రాసి చదివి వినిపించాను. రెండూ ఇరవై ఐదుకు సంతకం పెట్టింది. పేరు పూర్తిగా, ఒక్కో అక్షరం ఒత్తి రాసింది.

కాగితం ఫోటో తీసి విజేందర్‌కు పంపి, ఫోన్ చేశాను. అతను అప్పటికే ఇస్రాయేలును బండి ఎక్కించాడు.

"ఫోటోతోటి ఏం జెయ్యాలె నేను?" అన్నాడు.

"సర్, ఆమె కండ్లార చూసింది. మనిషిని గుర్తుపట్టింది. బండి ఆపుండ్రి."

"రేపు కాదంటే? నేను సంతకమే పెట్టలే అంటే? అసలు కాయితం నా చేతిల పడాలె. నాలుగు లోపు, కోర్టు కాడ. లేకుంటే నా పని నేను చేస్త."

"మల్లేష్ హుజూర్‌నగర్ల ఉన్నడు. అక్కడ స్టేషన్‌కు చెప్పుండ్రి, పట్టుకుంటరు."

"చెప్త," అన్నాడు, పళ్ల మధ్య నుంచి. "కాయితం పంపు ముందు. నాకు నీ మీద పగ లేదు గ్లోరీ. తప్పైతే నేనూ ఒప్పుకుంట. కాయితం కావాలె, గంతే."

ఉన్నది ఒక్క జీపు, ఒక్క కానిస్టేబుల్. కాగితం ఫైల్లో పెట్టి శ్రీకాంత్ చేతికిచ్చాను. "ఎక్కడా ఆగొద్దు. ఆయన చేతిల పెట్టి, ఫోన్ చెయ్యి."

"మీరు మేడం?"

"నేను ఈమె కాడ ఉంట. మల్లేష్ వచ్చేది పొద్దుమీకినంకనే."

రెండూ ముప్పై ఐదుకు జీపు కదిలింది. అది రోడ్డెక్కేదాకా వాకిట్లో నిలబడి చూశాను. ఎస్తేరు ఇక కూర్చోవచ్చు అనుకున్నాను. బతుకులో ఒక పని సరిగ్గా చేశానన్న తృప్తి, ఆ సంగతి చెప్పుకోవడానికి బాపు లేడన్న బాధ, రెండూ ఒకేసారి కలిగాయి. అలా రెండు నిమిషాలు, మహా అయితే మూడు, అక్కడే ఉండిపోయాను.

లోపలికి వచ్చేసరికి లీలమ్మ లేదు. వంటింట్లో లేదు. పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. పెరటి వెనక బాటలో కారు హారన్ రెండుసార్లు, మెల్లగా, అలవాటైన పిలుపులా మోగింది.

పొద్దుమీకినంక వస్తాడన్నది ఆమె. గంజి చీర, దువ్విన తల. నేను లోపలికి అడుగుపెట్టక ముందే ఆమె ప్రయాణానికి సిద్ధమై ఉంది. అన్ని నిజాలూ చెప్పిన మనిషి ఆ ఒక్క సంగతి మాత్రం నాకు అబద్ధం చెప్పింది.

పరుగెత్తాను. ముళ్లకంప దాటి బాట మీద పడేసరికి తెల్ల కారు మలుపు తిరుగుతోంది. ముందు సీటులో తెల్లటి తల ఒకటి కనిపించింది. నంబరు విజేందర్‌కు చెబుదామని ఫోన్ తీశాను. నేను నొక్కక ముందే అది మోగింది. లీలమ్మ నంబరు.

"అమ్మా! ఏడికి పోతున్నరు? కారు ఆపమనుండ్రి!"

"ఉరకకు బిడ్డా, పడతవు." ఆమె గొంతులో నేను ఇంతవరకు వినని తేలికదనం. "గుట్టకు పోతానం. నర్సిమ్మసామి దర్శనానికి. పొద్దున్నే అన్నడు, పోదాం పెద్దమ్మా అని. ముందల కూసొమన్నడు, తన పక్కన."

"దిగుండ్రి అమ్మా. ఎక్కడైనా మంది ఉన్నకాడ ఆపమని దిగుండ్రి. నేనొస్తున్న."

"వానికి చెప్పిన బిడ్డా."

"ఏం చెప్పిన్రు?"

"నేను సంతకం పెట్టిన సంగతి. పక్కన కూసొని దాసిపెట్టుకోలేను గదా. నా కొడుకసొంటోడు." కిటికీలోంచి వచ్చే గాలి హోరులో ఆమె మాటలు విరిగి వినిపిస్తున్నాయి. "ఏమనలే. నవ్విండు. శానా దినాలైంది బిడ్డా, వాడు నా మొఖం సూసి నవ్వక."

గాలి హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. ఎవరో కిటికీ అద్దం పైకి ఎక్కించారు. ఆ నిశ్శబ్దంలో ఒక మగ గొంతు, ఎంతో ప్రేమగా, దగ్గరి నుంచి వినిపించింది.

"పెద్దమ్మా, ఆ ఫోను ఇటియ్యి."